ఆత్మగౌరవం నిలకడను రోజూ కొలుచుకోవడానికి రోజెన్‌బర్గ్ స్కేలు: వాడి చూశాక నా సమీక్ష

మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన పది వాక్యాల ఆత్మగౌరవ స్కేలు పేరు మనస్తత్వశాస్త్రం ఒక్క సెమిస్టరు చదివినవారికైనా తెలిసే ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని పది హైస్కూళ్లలో ఐదు వేలమందికి పైగా విద్యార్థుల మీద ఆయన వాడిన ఆ చిన్న ప్రశ్నావళి ఇప్పటికీ ప్రపంచమంతటా చలామణిలో ఉంది. ఇక్కడ నేను సమీక్షిస్తున్నది ఆ స్కేలును వాడే ఒక ప్రత్యేకమైన పద్ధతిని. ఒకే మనిషి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చొప్పున కొన్ని రోజులపాటు అవే పది వాక్యాలకు ‘ఈ క్షణంలో నాకు ఎలా అనిపిస్తోంది’ అన్న దృష్టితో జవాబిచ్చి, వచ్చిన స్కోర్లు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో లెక్కగట్టుకోవడం ఆ పద్ధతి. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మైకేల్ కెర్నిస్, ఆయన సహచరులు 1980ల చివరి నుంచి తమ పరిశోధనల్లో దీన్ని స్థిరపరిచారు. స్కేలుకు ధర లేదు. విద్యా, పరిశోధన అవసరాలకు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కావలసిందల్లా ఒక ఫోను, ఒక ఆన్‌లైన్ ఫారం, ఒక స్ప్రెడ్‌షీటు, కొంత ఓపిక. అసలు ఖర్చంతా ఆ ఓపికలోనే ఉంది.

ఒకసారి కొలిస్తే చాలదా, రోజూ ఎందుకు అన్న సందేహం సహజంగానే వస్తుంది. బీపీ విషయంలో ఒక్క రీడింగు చూసి డాక్టరు మందు రాయనట్టే, ఆత్మగౌరవం విషయంలోనూ ఒక్క స్కోరు సగం కథే చెబుతుంది. రోజెన్‌బర్గ్ స్వయంగా 1986లో ఈ తేడాను గుర్తించారు: ఏళ్ల మీద నెమ్మదిగా మారే అడుగుమట్టం ఒకటైతే, సందర్భాన్నిబట్టి గంటల్లోనే పైకీ కిందికీ పోయే చలనం మరొకటి. కెర్నిస్ బృందం 1989లో కోపం, వైరభావం మీద ప్రచురించిన పరిశోధనలో ఈ రెండో అంశం ఎంత ముఖ్యమో బయటపడింది. సగటు ఆత్మగౌరవం ఎక్కువగా ఉండి, అది రోజురోజుకూ ఊగిసలాడే వారిలో కోపస్వభావం అందరికంటే ఎక్కువగా కనిపించింది. అంతే ఎక్కువ ఆత్మగౌరవం ఉండి నిలకడగా ఉన్నవారిలో అందరికంటే తక్కువగా కనిపించింది. తక్కువ ఆత్మగౌరవం ఉన్నవారు ఈ ఇద్దరికీ మధ్యలో నిలిచారు. అంటే ఒక్కసారి కొలిచే స్కేలు ఒకే గాటన కట్టేసిన ఇద్దరు మనుషులు నిజానికి రెండు చివరల్లో ఉన్నారన్నమాట. ఈ ఒక్క ఫలితం చాలు, రోజువారీ కొలత వెనుక ఉన్న ఆలోచన గట్టిదని ఒప్పుకోవడానికి. ఆలోచన గట్టిదైనంత మాత్రాన పరికరం కూడా అంత గట్టిదేనా అన్నది వేరే ప్రశ్న. ఈ సమీక్షలో చాలాభాగం దానికే.

మొదలుపెట్టడం తేలిక. పది వాక్యాల్లో ఐదు మనకు అనుకూలంగా, ఐదు ప్రతికూలంగా ఉంటాయి. ప్రతి వాక్యానికీ ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అసలు ఒప్పుకోను’ వరకు నాలుగు జవాబులు. ప్రతికూల వాక్యాలకు మార్కులు తిరగేసి కూడితే మొత్తం 10 నుంచి 40 మధ్య వస్తుంది. ఎక్కువగా ప్రచారంలో ఉన్న వరుసక్రమంలో 2, 5, 6, 8, 9 సంఖ్యల వాక్యాలకు మార్కులు తిరగెయ్యాలి. ఈ పని స్ప్రెడ్‌షీటుకే అప్పగించి, 5 లోంచి జవాబును తీసివేసే సూత్రం ఒక్కటి రాసుకుంటే ఇక చేత్తో చేయవలసింది ఏమీ ఉండదు. ఫోనులో పొద్దున 10 గంటలకు, రాత్రి 10 గంటలకు రెండు అలారాలు పెట్టుకున్నాను. కెర్నిస్ బృందం ఎంచుకున్న వేళలు కూడా దాదాపు అవే. అలవాటైన తర్వాత ఫారం నింపడానికి రెండు నిమిషాలైనా పట్టదు. స్కోరు పక్కన ‘గమనిక’ అని ఒక ఖాళీ గడి నేనే చేర్చుకున్నాను. మూలపద్ధతిలో లేని ఈ గడే చివరికి అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది.

ఎలాగో ఒక వరుస చూపిస్తాను. ఒక మంగళవారం పొద్దున స్కోరు 31, రాత్రి 24, బుధవారం పొద్దున మళ్లీ 30. మంగళవారం రాత్రి గమనికలో ఉన్నది ఇంతే: ‘మీటింగులో నా స్లైడ్లు వేరొకరు చూపించారు, నా పేరు ఎత్తలేదు.’ ఏడు మార్కులు పడిపోయాయని మొత్తం చెబుతుంది. వాక్యాలవారీగా విడదీసి చూస్తే, ‘చాలామంది చేయగలిగినంత బాగా నేనూ పనులు చేయగలను’ అన్న దగ్గర రెండు, ‘గర్వంగా చెప్పుకోవడానికి నాలో పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది’ అన్న దగ్గర రెండు, మిగతా మూడు మార్కులు మరో మూడు వాక్యాల్లో ఒక్కొక్కటి చొప్పున తగ్గాయి. నాకు మంచి లక్షణాలున్నాయన్న వాక్యం దగ్గర జవాబు కదలనే లేదు. దెబ్బ తగిలింది సామర్థ్యం వైపున, మనిషిగా నా విలువ వైపున అంతగా కాదు. మొత్తం స్కోరు మాత్రమే దాచుకునే ఏ ఏర్పాటులోనైనా ఈ సంగతి కనిపించకుండా పోతుంది. అందుకే పది జవాబులూ విడివిడిగా దాచుకోమని చెబుతున్నాను.

ఇక లోపాలు. మొదటిది వాక్యాల్లోనే ఉంది. ఈ స్కేలు పుట్టింది మనిషి తనను తాను మొత్తం మీద ఎలా చూసుకుంటాడో తెలుసుకోవడానికి. కాబట్టి ‘అప్పుడప్పుడు నేను ఎందుకూ పనికిరానని అనిపిస్తుంది’ అనే తరహా వాక్యాలు అందులో రెండున్నాయి. రాత్రి 10 గంటలకు ‘ఈ క్షణంలో’ ఎలా ఉందని అడుగుతూ, అదే నోటితో ‘అప్పుడప్పుడు’ అంటే జవాబు ఏమివ్వాలి? ఈ క్షణంలో అలా అనిపించకపోయినా, అప్పుడప్పుడు అనిపించే మాట నిజమే కాబట్టి నిజాయతీపరుడు ఒప్పుకుంటాననే టిక్కు పెడతాడు, ఆ టిక్కు రోజుల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఫలితంగా పదిలో రెండు వాక్యాలు రోజువారీ కదలికను పట్టుకోలేక మొద్దుబారిపోతాయి. ఆ ‘అప్పుడప్పుడు’ను తీసేసి ‘ఇప్పుడు’ అని మార్చి వాడాక ఆ రెండు గడుల్లోనూ చలనం వచ్చింది. మార్చిన స్కేలు స్కోరును మార్చని స్కేలు స్కోర్లతో పోల్చకూడదు, నిజమే. అయితే మనల్ని మనతోనే పోల్చుకునే పనికి అది అడ్డంకి కాదు.

‘నా మీద నాకు ఇంకాస్త గౌరవం ఉంటే బాగుండును’ అన్న ఎనిమిదో వాక్యం మరింత ఇబ్బందికరమైనది. ఇది ప్రతికూల వాక్యంగా లెక్కలోకి వస్తుంది, కానీ ఇంకా ఎదగాలన్న కోరిక ఉన్నవారెవరైనా దీన్ని ఒప్పుకునే అవకాశం ఉంది. 53 దేశాల్లో సుమారు 17 వేలమంది జవాబులను పరిశీలించి ష్మిట్, ఆలిక్ 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రతికూల వాక్యాలను అన్ని సంస్కృతులవారూ ఒకేలా అర్థం చేసుకోవడం లేదని చెప్పింది; ఎనిమిదో వాక్యం అక్కడ కూడా సతాయించిన వాటిలో ఒకటి. వినయం మంచి పెంపకానికి గుర్తుగా చెల్లే ఇళ్లలో పెరిగిన మనకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నా లెక్కలో ఆ వాక్యాన్ని ఉంచాను గానీ, మొత్తాన్ని అది ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి చూసుకుంటున్నాను.

రెండో లోపం విసుగు. అవే పది వాక్యాలు రోజుకు రెండుసార్లు కనిపిస్తుంటే కొన్నాళ్లకు కళ్లు వాటిని చదవడం మానేస్తాయి, నిన్నటి జవాబు గుర్తుండి వేలు దానంతటదే అక్కడికి పోతుంది. నాలుగే జవాబులు ఉండటం వల్ల ఈ ప్రమాదం ఎక్కువవుతుంది, ఎందుకంటే కాస్త చిన్నబోయిన రోజుకూ మామూలు రోజుకూ మధ్య తేడా చూపించడానికి గడులు చాలవు. కెర్నిస్ బృందం నాలుగుకు బదులు పది మెట్ల కొలతను వాడటానికి ఇదే కారణమై ఉంటుందని నా ఊహ. ఫారంలో జవాబులను పది మెట్లకు పెంచి, వాక్యాల వరుసను ప్రతిసారీ తారుమారు చేసే సదుపాయాన్ని ఆన్ చేస్తే విసుగు పూర్తిగా పోదు గానీ, చదవకుండా టిక్కు పెట్టడం బాగా తగ్గుతుంది.

దీనికంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మనసు బాగా కుంగిన రాత్రి ఎవరికి ఫారం నింపాలనిపిస్తుంది? సరిగ్గా ఆ రాత్రులే ఖాళీగా మిగిలిపోతే, షీటులో చేరేవి ఓ మోస్తరు రోజులు మాత్రమే. అప్పుడు నిలకడలేమి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కొందరు మర్నాడు కూర్చుని నిన్నటి గడిని గుర్తు తెచ్చుకుని నింపుతారు, అది మరీ హాని. కాగితం మీద డైరీ రాయించే పరిశోధనల్లో ఈ జాడ్యం ఎంతదో 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్టోన్, ఆయన సహచరులు చూపించారు. దీర్ఘకాలపు నొప్పితో బాధపడేవారికి ఇచ్చిన కాగితపు డైరీల్లో వెలుతురును గుర్తించే సెన్సర్లను రహస్యంగా అమర్చి, డైరీ ఎప్పుడు తెరిచారో నమోదు చేశారు. చెప్పిన వేళకే రాశామని రోగులు నమోదు చేసినవి 90 శాతం; సెన్సర్ల ప్రకారం నిజంగా వేళకు రాసినవి 11 శాతం. ఎలక్ట్రానిక్ డైరీ వాడినవారిలో అది 94 శాతం. నోటుపుస్తకంలో రాసుకుంటే హాయిగా ఉంటుందనే మిత్రులకు నేను చూపించేది ఈ అంకెలే. ఫారం తనంతట తానే సమయం ముద్ర వేస్తుంది, పుస్తకం వేయదు.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. ఈ పద్ధతిలో నాకు అత్యంత ఆసక్తికరమైనదీ, మొదటిసారి వాడేవారు చాలా సులువుగా పొరబడేదీ ఇక్కడే. సంప్రదాయం ప్రకారం నిలకడలేమికి కొలత ఆ మనిషి స్కోర్ల ప్రామాణిక విచలనం, అంటే స్కోర్లు తమ సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే అంకె (స్టాండర్డ్ డీవియేషన్). అది ఎంత ఎక్కువైతే నిలకడ అంత తక్కువ. స్ప్రెడ్‌షీటులో ఒక్క సూత్రంతో వచ్చేస్తుంది. కానీ ప్రామాణిక విచలనానికి స్కోర్లు ఏ వరుసలో వచ్చాయో పట్టదు. ఒకరి ఎనిమిది స్కోర్లు 20, 30, 20, 30, 20, 30, 20, 30 అనుకుందాం. మరొకరివి 20, 20, 20, 20, 30, 30, 30, 30. ఇద్దరి సగటూ 25, ఇద్దరి ప్రామాణిక విచలనమూ ఒకటే. మొదటి మనిషి పూటపూటకూ పడిలేస్తున్నాడు. రెండో మనిషి ఒక బాధ తీరాక ఒక్కసారి పైకి వచ్చి అక్కడ స్థిరంగా ఉన్నాడు. ఈ ఇద్దరినీ ఒకటే అనే కొలతను నిలకడకు కొలత అనడం కష్టం.

దీనికి మందు ఉంది. పక్కపక్క స్కోర్ల మధ్య తేడాలను వర్గం చేసి, వాటి సగటు తీయడం. పై ఉదాహరణలో మొదటివారికి ఏడు తేడాలూ పదేసి కాబట్టి వర్గాల సగటు 100. రెండోవారికి ఒకే ఒక్క తేడా పది, మిగతా ఆరూ సున్నా కాబట్టి సగటు 14.3. ఇద్దరి మధ్య ఏడు రెట్ల తేడా వెంటనే తేలిపోయింది. మనోభావాల ఊగిసలాటను కొలిచే పరిశోధకులు ఈ కొలతను బాగానే వాడుతున్నారు. ఇంట్లో చేసుకునేవారు ప్రామాణిక విచలనం, ఈ వర్గాల సగటు రెండూ పక్కపక్కన పెట్టుకోవాలని నా గట్టి సలహా: విచలనం మాత్రమే పెద్దదైతే మార్పు నిదానంగానో ఒకేసారో జరిగిందని, రెండూ పెద్దవైతే పూటపూటకూ ఊగుతున్నామని అర్థం. ఒక జాగ్రత్త: పొద్దుటికీ రాత్రికీ మధ్య 12 గంటలు, రెండు పూటలు తప్పిపోతే వాటికి అటూ ఇటూ ఉన్న స్కోర్ల మధ్య ఒకటిన్నర రోజు, ఈ రెండు రకాల తేడాలనూ ఒకే గంపలో వేయకూడదు.

మరో గోతిని కూడా చూపించాలి. 10 నుంచి 40 దాకా మాత్రమే ఉన్న స్కేలులో సగటు 25 ఉన్నవారి ప్రామాణిక విచలనం గరిష్ఠంగా 15 దాకా పోగలదు; సగటు 38 ఉన్నవారికి పైన రెండే మెట్లు మిగిలాయి కాబట్టి అది ఏడున్నరకు కూడా చేరలేదు. అంటే ఎప్పుడూ పై అంచున ఉండేవారు నిలకడగా ఉన్నట్టు కనిపించడంలో కొంత భాగం కేవలం అంకగణితం. సగటును బట్టి సాధ్యమయ్యే గరిష్ఠ విచలనంతో భాగించి ఈ లోపాన్ని సరిచేసే సూచికను బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెస్టాగ్, ఆయన సహచరులు 2018లో ప్రతిపాదించారు. మన అవసరానికి దాని సారం చాలు: వేరొకరి అంకెతో మన అంకెను పోల్చే ముందు ఇద్దరి సగటులూ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇంత చెప్పాక, ఈ ఊగిసలాట లెక్కల మీద ఆశ మరీ పెంచుకోవద్దని కూడా చెప్పాలి. 2019లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో డెజాంఖేర్, ఆయన సహచరులు అనేక అధ్యయనాల సమాచారాన్ని కలిపి చూసి, మనోభావాల చలనాన్ని వర్ణించే సంక్లిష్టమైన సూచికలు సగటునూ ప్రామాణిక విచలనాన్నీ దాటి మనిషి మానసిక క్షేమం గురించి కొత్తగా చెప్పేది స్వల్పమేనని తేల్చారు. వారు చూసింది మనోభావాలను, ఆత్మగౌరవాన్ని కాదు. అయినా పక్క పొలంలో పండనిది మన పొలంలో విరగకాస్తుందని అనుకోవడానికి కారణం లేదు. అందమైన గ్రాఫు గీసుకుని తన జీవితానికి తాళంచెవి దొరికిందనుకునే వారికి ఈ మాట.

ఇదే పనికి వేరే దారులు లేవా అంటే, ఉన్నాయి. హెదర్టన్, పొలివీ 1991లో తయారుచేసిన 20 వాక్యాల స్కేలు పుట్టుకతోనే ‘ఇప్పుడు’ గురించి అడుగుతుంది. పనితనం, నలుగురిలో మన స్థానం, రూపం అనే మూడు భాగాలకు విడివిడి స్కోర్లు ఇస్తుంది. పైన నా మంగళవారం ఉదాహరణలో నేను తంటాలుపడి విడదీసింది అది నేరుగా ఇస్తుంది. వాక్యాలు రెట్టింపు కావడం ఒక్కటే దానితో బాధ. రోజుకు ఒకసారి, రాత్రిపూట మాత్రమే అయితే దానికే నా ఓటు. రెండో చివరన, ‘నాకు ఆత్మగౌరవం ఎక్కువ’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే స్కేలు రాబిన్స్ బృందానిది, 2001 నాటిది. రోజుకు ఐదారుసార్లు అడగదలిస్తే అది తప్ప గతి లేదు, కానీ ఒక్క వాక్యంలో ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియదు. ‘నా గురించి నా అభిప్రాయం తరచూ మారుతుంటుందా’ అని ఒకేసారి అడిగి తేల్చేసే ప్రశ్నావళులూ ఉన్నాయి. నిలకడ గురించి మనం చెప్పుకునేదీ, నిజంగా నమోదైన చలనమూ అంతగా కలవవు కాబట్టి రోజువారీ కొలతకు అవి ప్రత్యామ్నాయం కావు. ఇక ఫోన్లలో దొరికే మూడ్ యాప్‌లు. పేరు చెప్పను గానీ నేను ప్రయత్నించిన ఒకదాంట్లో ముఖం బొమ్మ మీద నొక్కడం సరదాగానే ఉంది. వాక్యాలవారీగా సమాచారం బయటికి తీసుకోవాలంటే డబ్బు కట్టాలంది, పైగా ‘మీరు వరుసగా నింపుతున్నారు, శభాష్’ అంటూ రోజూ మెచ్చుకుంది. ఆత్మగౌరవాన్ని కొలిచే పరికరమే దాన్ని పొగడ్తతో కదిలిస్తే ఆ కొలతకు అర్థమేముంది?

ఎవరికి పనికొస్తుందన్న విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. తన విలువ దేనిమీద ఆధారపడి ఊగుతోందో తెలుసుకోవాలనుకునే పెద్దవారికి, కౌన్సెలరు దగ్గరికి వెళ్తూ చేతిలో కాస్త సమాచారం ఉంటే బాగుంటుందనుకునే వారికి, మనస్తత్వశాస్త్రం విద్యార్థుల ప్రాజెక్టులకు ఇది మంచి సాధనం. క్రాకర్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పీజీ సీట్లకు దరఖాస్తు చేసుకున్న విద్యార్థులను సీటు వచ్చిందన్న కబురు, రాలేదన్న కబురు అందిన రోజుల్లో కొలిచారు. చదువు మీదే తమ విలువను నిలబెట్టుకున్నవారి ఆత్మగౌరవం ఆ కబుర్లతోపాటు ఎక్కువగా పైకీ కిందికీ పోయింది. వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకులు గోడకు అంటించే మన ఇంటర్ కాలేజీల పిల్లలను ఇలా కొలిస్తే గ్రాఫు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఊహించగలం కాబట్టే, ఫలితాల వారంలో ఆ పిల్లల చేతికి ఈ ఫారం ఇవ్వొద్దంటాను. ‘నేను విఫలమయ్యానని అనిపిస్తోంది’ అన్న వాక్యాన్ని రోజుకు రెండుసార్లు ఆ వయసువారి ముందు పెట్టాలంటే, జవాబు చూసి పలకరించే మనిషి పక్కన ఉండి తీరాలి. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. ఏ గీత దాటితే ప్రమాదమో ఈ స్కేలు చెప్పదు. స్కోరు పడిపోయి రోజుల తరబడి లేవకపోతే లెక్కలు పక్కనపెట్టి మనిషితో మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఐదుకు ఎన్ని అని అడిగితే, ఒక్కసారి కొలిచే పనికి రోజెన్‌బర్గ్ స్కేలుకు నాలుగున్నర, రోజువారీ నిలకడను కొలిచే పనికి ఉన్నదున్నట్టుగా అయితే మూడు. ‘అప్పుడప్పుడు’లను మార్చి, పది మెట్లు పెట్టి, వాక్యాల వరుస తారుమారు చేసి, గమనిక గడి చేర్చి, విచలనంతోపాటు పక్కపక్క తేడాల లెక్క కూడా వేసుకుంటే నాలుగు ఇస్తాను. ఒక పనిదినాల వారం, ఒక పండుగ లేదా సెలవుల వారం కలిసివచ్చేలా మొదలుపెడితే మంచిది; ఒకే రకం రోజులను కొలిస్తే ఆఫీసు ఎలా నడుస్తోందో తెలుస్తుంది గానీ మన నిలకడ తెలియదు. కొలుస్తున్నన్నాళ్లూ గ్రాఫు తెరవకండి. నిన్నటి గీత కళ్ల ముందుంటే ఇవాళ్టి జవాబు దానికి సర్దుకుంటుంది.